శాసనసభ చూసే దర్జీ

మా వీధి దర్జీ మామ కుట్టుమిషన్ మీద ఫోను నిలబెట్టుకుని శాసనసభ ప్రసారం చూస్తూ జాకెట్లు కుట్టేవాడు. సభ వెబ్‌సైటులో ఎవరేం అడిగారో కూడా వదలకుండా చదివేవాడు.

ఒకసారి మా ఎమ్మెల్యేగారు సమావేశాలకని కొత్త చొక్కా కుట్టించుకోవడానికి వచ్చారు. మామ ఆయన మెడకు టేపు చుట్టి నెమ్మదిగా అడిగాడు.

“అన్నా, మన చెరువుకు నీళ్ల గురించి మీరు అడిగిన ప్రశ్న వెబ్‌సైటులో యాడా కనపడలేదే?”

ప్రజాసేవకుడు తెల్లబోయాడు. “ఏమప్పా, అవన్నీ మీకు కనపడతాయా?”

“అందరికీ కనపడతాయన్నా.”

ఇంత ఘోరం జరుగుతోందని పాపం ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు. అప్పటినుంచి చొక్కాలు అనంతపురంలో కుట్టించుకుంటున్నారు. చెరువులో మేకలు మేస్తూనే ఉన్నాయి.

మంచి బేరం పోయిందే అని నేను నొచ్చుకుంటే, మామ సూదిలో దారం ఎక్కిస్తూ అన్నాడు:

“చొక్కా యాడన్నా కుట్టించుకోనీలేప్పా. సభలో నోరు తెరిస్తే చాలు.”