అరువు బర్రె, సర్కారు స్టైపెండు

పద్దెనిమిది పర్వాలకు సరిపడే గాథ ఒకటి చెబుతాను. ఇందులో ప్రభుత్వం ఉంది, పరువు ఉంది, తండ్రీకొడుకుల మధ్య ఘోరమైన ఘట్టం ఉంది. వినేవాళ్ళు కాస్త సర్దుకుని కూర్చోవాలి.

అక్కర్లేదు, ఎలా ఉన్నారో అలాగే ఉండండి. ఉన్నమాట చెప్పాలంటే ఇందులో ఒక దరఖాస్తు, ఒక బర్రె ఉన్నాయి. గాయపడింది నాయన ఒక్కడే, అదీ పైకి కనపడలేదు.

మాది మార్కాపురానికి రెండు కోసుల దూరంలో కూలీల పల్లె. వరసగా రెండేళ్ళు వానలు తప్పితే, ఏడో తరగతిలో బడి మాని పలకల గనిలో చేరాను. రాతిని ఉలితో పొరలు పొరలుగా చీల్చడం నా పని. ఆ పలకలు ఎక్కడెక్కడికో పోయి ఎవరెవరి పిల్లలకో అక్షరాలు నేర్పేవి. నాకు మాత్రం బొటనవేలు ఎక్కడ పెట్టకూడదో నేర్పాయి.

అలా రెండేళ్ళు గడిచాక మా చర్చి పంతులు ఒక కాగితం పట్టుకొచ్చాడు. ఆదివారం ప్రార్థన, మిగతా రోజుల్లో పల్లె బడి, రెండూ ఆయనే నడిపేవాడు. చదువు ఆగిపోయిన పేద కూలీల పిల్లలకు మద్రాసు సర్కారు స్టైపెండు ఇస్తుందట. ఫీజు, పుస్తకాలు, మార్కాపురం హాస్టల్లో తిండి. ఈ జూన్ దాటితే నా వయసు చెల్లదు. తాలూకా ఆఫీసు నుంచి రెవిన్యూ ఇన్‌స్పెక్టరు వచ్చి ఇల్లు చూసి, పేదవాళ్ళేనని రాయాలి. అంతే.

“దానికేముంది? మన సంగతి ఊరందరికీ తెలిసిందే గదా” అన్నాడు నాయన. ఆ ఒక్క విషయంలో మాకు భయం లేదు.

గురువారం వస్తాడని కబురు అందింది. మా పల్లెలో ఎవరింటికి పెద్దమనిషి వచ్చినా పల్లె మొత్తానికి వచ్చినట్టే. ఎవరింట్లో మంచిది ఏదుంటే అది ఆ ఇంటికి చేరుతుంది. పొద్దున్నే దుకాణం మామ తన కుర్చీ పంపాడు. అమ్మకు ఇత్తడి గ్లాసులు వచ్చాయి. పంతులు తన ఇస్త్రీ చొక్కా తెచ్చి నాయనకు తొడిగాడు. పక్కింటి పెదనాయన తన బర్రెను తోలుకొచ్చి మా గుంజకు కట్టాడు.

“బర్రె ఎందుకు పెదనాయనా?” అన్నాను.

“ఉత్త గుంజ కనపడితే ఏం బాగుంటాదిరా? ఆయన ఏమనుకుంటాడు మన గురించి?”

“పేదోళ్ళనుకుంటాడు.”

“అదే గదరా నేను చెప్పేది.”

ఇంకా వాదించి ఉండాల్సింది. కానీ బర్రె మా వాకిట్లో నిలబడి నెమరు వేస్తుంటే నాకూ బాగానే అనిపించింది.

ఇన్‌స్పెక్టరు వచ్చి, కుర్చీలో కూర్చుని, ఇత్తడి గ్లాసులో మజ్జిగ తాగి, పుస్తకం తెరిచాడు. కలం బర్రె దగ్గర ఆగింది.

“పాలిస్తుందా?”

“ఇస్తాదయ్యా” అన్నాడు నాయన.

“పూటకి ఎన్ని?”

నాయన జన్మలో దాని పొదుగు ముట్టలేదు. “అది దాని ఇష్టమయ్యా” అన్నాడు.

ఇన్‌స్పెక్టరు కలం మూత వెతుక్కున్నాడు. “మీకు బాగానే జరుగుతున్నట్టుందయ్యా. స్టైపెండు ఉన్నది లేనివాళ్ళ కోసం. అలాంటివాళ్ళు చాలామంది ఉన్నారు.”

పల్లె అంతా నిలబడి ఉంది. పంతులు నేల చూపులు చూశాడు. మూత కలం మీదికి పోతోంది.

“సార్, ఆ బర్రె మాది కాదు” అన్నాను. “పెదనాయనది.”

“నాదేనయ్యా. మర్యాదకని కట్టినా” అన్నాడు పెదనాయన, దొంగతనం ఒప్పుకున్నంత మెల్లగా.

“కుర్చీ దుకాణం మామది. గ్లాసులు ఇంటికొకటి. నాయన చొక్కా పంతులయ్యది.”

ఆ చివరి మాట అవసరం లేదు. బర్రెతోనే పని అయిపోయేది. ఆ సంగతి అన్న మరుక్షణమే తెలిసింది.

నాయన బొత్తాలు ఒక్కొక్కటే విప్పాడు. చొక్కా మడత పెట్టి పంతులు చేతిలో పెట్టాడు. “చెమట అంటింది పంతులయ్యా. ఉతికి ఇచ్చేదుండె” అన్నాడు. లోపల బనియను లేదు. ఇన్‌స్పెక్టరు ఆయన వైపు చూడకుండా, కలం మూత తీసి, చాలాసేపు రాశాడు. మేము పేదవాళ్ళమని సర్కారు నమ్మింది.

అందరూ పోయాక అమ్మ అంది, “ఆ చొక్కా మాట ఒక్కటి వదిలేసి ఉంటే నీ నోరు పడిపోతుండెనా?”

“వాడు అబద్ధమేం చెప్పినాడు?” అన్నాడు నాయన. “అది నాకు బిగుతుగానే ఉండె.”

సర్కారును తప్పు పట్టలేను. ఎక్కడో మద్రాసులో ఉన్నవాళ్ళకు మా లేమి వాకిట్లో నిలబడితే తప్ప కనపడదు. మావాళ్ళనూ తప్పు పట్టలేను. లేమిని అతిథి కంట పడకుండా దాచడమే వాళ్ళకు తెలిసిన మర్యాద. చదువు, పరువు రెండిట్లో దేన్ని వదులుకోవాలో తేల్చుకున్నది నేను, వదులుకున్నది నాయన. ఆ రోజు నుంచి ఆయన ఎవరి చొక్కా అరువు తీసుకోలేదు. నా పెళ్ళికి కూడా భుజాన తువ్వాలతోనే వచ్చాడు.

జూన్‌లో హాస్టల్లో చేరాను. స్టైపెండు పది నెలలకే. ఏప్రిల్, మే నెలల్లో హాస్టలు మూసేస్తారు కాబట్టి, ఆ రెండు నెలలూ గనిలో పలకలు చీల్చేవాడిని.