సగం రింగుకే కట్టయ్యే ఫోను

పన్నెండేళ్ళు తన దగ్గర పనిచేసిన మనిషిని ఆ సెల్‌ఫోన్ దుకాణం ఓనరు ఒక్క పూటలో దొంగను చేసి బయటికి పంపాడు. కస్టమరు ఫోన్లోంచి మంచి కెమెరా తీసి పాతది పెట్టింది ఓనరే. కస్టమరు కనిపెట్టి నిలదీసేసరికి, లోపల బల్ల దగ్గర తలొంచుకుని పనిచేసుకుంటున్న మెకానిక్కు వైపు వేలు చూపించాడు. దుకాణంలో అప్పుడు తొమ్మిదిమంది ఉన్నారు. తొమ్మిదిమందీ నమ్మారు. పెద్ద బోర్డున్నవాడి మాట నమ్మడం మనుషులకు హాయిగా ఉంటుంది.

మెకానిక్కు స్క్రూడ్రైవర్ల డబ్బా చంకలో పెట్టుకుని వచ్చేశాడు. మా వీధి చివర టైలర్ బాబాయి కొట్టు పక్కన, మెట్ల కింద ఖాళీలో బల్ల వేసుకున్నాడు. నిలబడితే తల మెట్టుకు తగులుతుంది కాబట్టి రోజంతా కూర్చునే ఉండేవాడు. ఎవరు ఏ ఫోను తెచ్చినా ముందు ఆపేసి మళ్ళీ ఆన్ చెయ్యమనేవాడు. అందుకని రీస్టార్టన్న అనేవాళ్ళం. నలభై ఒక్కేళ్ళు, పెళ్ళి కాలేదు. ఫోను విప్పితే లోపలున్న ప్రతి ముక్కతోనూ మాట్లాడేవాడు గాని, మనిషి ఎదురుపడితే నోరు పెగిలేది కాదు.

బల్ల పెట్టిన కొత్తలో పాత కస్టమర్లకు ఫోన్ చేసి కొత్త చోటు చెబుదామనుకున్నాడు. ముప్పైమందికి చేస్తే పాతికమందికి సగం రింగుకే కట్టయింది. ఓనరు మాట ఊరంతా పాకిందని, తన నంబరు చూడగానే అందరూ కట్ చేస్తున్నారని తేల్చుకున్నాడు. ఆ తర్వాత ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. నేనూ అంతేనన్నాను. మనుషుల మీద నాకున్న అభిప్రాయానికి అది చక్కగా అతికింది.

అలాంటి రోజుల్లో పుస్తకాలకు బైండింగ్ చేసే ఆవిడ వచ్చింది. బైండరమ్మ అంటాం. వేళ్ళ నిండా ఎండిన జిగురు, జుట్టులో దారప్పోగులు. రోజుకు పదిసార్లు ఎవరెవరో ఫోన్ చేసి స్థలం కొంటారా అంటున్నారని మొత్తుకుంది. ఆ పీడ వదిలించుకోవడం ఆయన నేర్పించాడు. తెలియని నంబరు ఎత్తొద్దన్నాడు, విసిగించేవాళ్ళను ఎలా బ్లాక్ చెయ్యాలో చేసి చూపించాడు. తర్వాత మైకులో జిగురు పడిందని రెండుసార్లు వచ్చింది. నాలుగోసారి వచ్చినప్పుడు ఫోనుకు ఏమీ కాలేదు. అయినా ఆయన గంటన్నర బాగుచేశాడు. మిషను మీద కుడుతున్న టైలర్ బాబాయి ఆ గంటన్నరలో ఒక చొక్కాకు మూడు చేతులు కుట్టాడు.

ఆవిడ తన అక్కతో ఉంటుంది. ఆ అక్క వేరే సంబంధం చూసింది. ఆదివారం నాలుగింటికి వాళ్ళొస్తారు, మాట ఇచ్చేయడమే. శుక్రవారం బైండరమ్మ మెట్ల కిందికి వంగి, గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

"ఎదురుగా అయితే మీరు ఈ జన్మలో అడగరు. ఆదివారం మూడుకీ నాలుగుకీ మధ్య ఫోన్ చేసి అడగండి. అక్క వింటానంది, స్పీకర్లో పెడతాను. నేనైతే చెయ్యను. నాలుగు దాటితే అక్క మాటే నా మాట."

ఆయన లేచి నిలబడబోయి మెట్టుకు తల కొట్టుకున్నాడు. అదే ఆయన జవాబు.

ఆదివారం మూడు కొట్టగానే నంబరు నొక్కాడు. పక్కన నేను, బాబాయి. సగం రింగు. కట్. మళ్ళీ చేశాడు. సగం రింగు. కట్. ముఖం తెల్లబోయింది. మనసు మార్చుకుందేమో అన్నాడు. శుక్రవారం చెప్పి ఆదివారానికి మార్చుకునే మనిషైతే అంత దూరం బస్సెక్కి రాదని బాబాయి కసిరాడు. అయితే ఫోనుదే తప్పన్నాడు రీస్టార్టన్న.

ఇక చూడాలి. ఆపేసి ఆన్ చేశాడు. ఫ్లైట్ మోడ్ పెట్టి తీశాడు. సిమ్ తీసి చొక్కాకు తుడిచి, నోటితో ఊది, మళ్ళీ తుడిచాడు. సిమ్‌ను రెండో అరలోకి మార్చాడు. తేదీ, టైము సరిచూశాడు. నెట్‌వర్కును చేత్తో వెతికించాడు. సెట్టింగులన్నీ చెరిపేశాడు. దాంతో దాచుకున్న వైఫై పాస్‌వర్డులన్నీ పోయాయి. పోతే పోనీ అన్నాడు. మెట్లెక్కి మేడ మీదికి పోయి ట్యాంకు పక్కన నిలబడి చేశాడు. సగం రింగు. కట్. పరుగున దిగివచ్చి నా ఫోన్ లాక్కుని చేశాడు. పూర్తిగా మోగింది, ఎవరూ ఎత్తలేదు. తెలియని నంబరు ఎత్తొద్దని నేర్పిన గురువుగారు ఆయనే కదా.

మూడున్నర. తన ఫోన్లోంచి నాకు చేశాడు. భేషుగ్గా మోగింది. బాబాయికి చేశాడు. సగం రింగు. కట్.

బాబాయి ఎదురుగానే ఉన్నాడు, చేతిలో కత్తెర తప్ప ఏమీ లేదు. ఆయన ఫోను మిషను మీద నిద్రపోతోంది. రీస్టార్టన్న ఆ ఫోన్ తీసి బ్లాక్ లిస్టు తెరిచాడు. అందులో ఒకే ఒక్క నంబరుంది. ఆయనదే.

"నన్నెందుకు బ్లాక్ చేశావు బాబాయ్?" అన్నాడు, ఏడుపు గొంతుతో.

"నేనెక్కడ చేశానయ్యా? ఎండాకాలంలో నేర్పిస్తానని నువ్వే చేశావు. ఇదిగో నా నంబరు పెట్టాను, ఇప్పుడు చేస్తాను చూడు, మోగదు అన్నావు. మోగలేదు. అబ్బో అనుకున్నాను."

తీయడం మర్చిపోయాడు. ఒక్క బాబాయి ఫోన్లోనే కాదు, పాత దుకాణంలో నేర్పించిన రోజుల నుంచీ. ప్రతివాళ్ళ ఫోన్లోనూ తన నంబరే పెట్టి, మోగకపోతే మురిసిపోయి, మరో కస్టమరు రాగానే అటు తిరిగిపోయాడు. ఊరు ఆయన్ను వెలివేయలేదు. ఆయనే ఇంటింటికీ వెళ్ళి తన్ను తాను వెలివేయించుకున్నాడు. బాబాయి మిషను మీద వాలి నవ్వుతుంటే మిషను దానంతటదే రెండు కుట్లు వేసింది. రీస్టార్టన్న నవ్వలేదు. "ఆవిడ ఫోన్లో కూడానురా తమ్ముడూ" అన్నాడు. మూడూ నలభై.

బాబాయి సైకిలుంది. నేను తొక్కాను. రీస్టార్టన్న వెనక క్యారియరు మీద కూర్చుని, ఎదురొచ్చిన ప్రతి బండికీ నోటితోనే హారను కొట్టాడు. వంతెన ఎక్కేటప్పుడు దిగి నెట్టమన్నాను. నెట్టి, దిగుడులో మళ్ళీ ఎక్కడం మర్చిపోయి వెనకాలే పరిగెత్తాడు. అయినా నన్ను దాటేశాడు.

మూడూ యాభై మూడుకి బైండరమ్మ ఇల్లు. రెండో అంతస్తు. గది నిండా కుట్టని కాగితాల దొంతరలు, మధ్యలో బల్ల, బల్ల మీద ఫోను. ఫోనుకు అటు అక్క, ఇటు చెల్లెలు. చెల్లెలి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఈయన గుమ్మంలో నిలబడి నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. ఫోను ఇలా ఇమ్మని చెయ్యి చాపాడు. తన నంబరు బ్లాకు తీసి, ఫోను తిరిగి ఇచ్చి, గబగబా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

"ఈ మనిషికి పిచ్చా?" అని నన్నడిగింది అక్క. నాకూ అదే అనుమానం వచ్చింది.

అప్పుడు ఫోను మోగింది. సగం రింగు కాదు, పూర్తిగా. కిటికీలోంచి చూస్తే కింద సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు, చెవికి ఫోను. అక్క స్పీకరు నొక్కింది. ఒకే మాట రెండుసార్లు వినిపించింది, ముందు కిటికీలోంచి, ఆ వెంటనే ఫోన్లోంచి.

"నేనండీ. మీ ఫోను బాగానే ఉందండీ. తప్పు నాది. మీకిష్టమైతే మనం పెళ్ళి చేసుకుందామండీ. వినిపిస్తోందా?"

"వీధి చివరిదాకా వినిపిస్తోంది" అంది బైండరమ్మ. "ఇక పెట్టేసి పైకి రండి."

అక్క తన ఫోన్ తీసుకుని పక్క గదిలోకి వెళ్ళి, నాలుగింటికి రావలసినవాళ్ళను రావద్దని చెప్పింది. అది మాత్రం మొదటిసారికే కలిసింది.

తర్వాతి వారమంతా ఆయన పాత కస్టమర్ల ఇళ్ళు తిరిగాడు, ఫోన్లలోంచి తనను తాను విడిపించుకోవడానికి. ఒక్కరు కూడా ఓనరు మాట ఎత్తలేదు. సొంత బల్ల పెట్టుకున్నాక మమ్మల్ని మరిచావని తిట్టి కూర్చోబెట్టారు. నా అభిప్రాయం కొంత దెబ్బతింది.

పెళ్ళయ్యాక, మొన్న కలిసినప్పుడు, పొద్దున ఇంట్లో బైండరమ్మతో గొడవైందని చెప్పాడు. ముఖం చూస్తే వెలిగిపోతోంది. ఏమైందన్నాను.

"మధ్యాహ్నం ఫోన్ చేసింది, తిడుతుందని ఎత్తలేదు. మళ్ళీ చేసింది, ఎత్తలేదు. మూడోసారి కూడా చేసిందిరా" అన్నాడు.