మిరపకాయ ముట్టిన చేతులు

గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రివాళ్ళు ఆడపిల్లలకు ఏడాదిపాటు నర్సులకు సాయం చేసే పని నేర్పేవారు. కట్లు కట్టడం, సూదులు మరగబెట్టడం, కళ్ళలో చుక్కలు వేయడం. చివర్లో పెద్ద నర్సమ్మ గారు ఉత్తరం రాసిస్తేనే ఎక్కడైనా ఉద్యోగం. మా పక్క ఊరి పంచాయతీ సమితి ఆసుపత్రిలో ఒక ఖాళీ ఉందని తెలిసినప్పటి నుంచి నాకు ఆ ఉత్తరం తప్ప వేరే ధ్యాస లేదు. పత్తి, మిరప తప్ప మరో పని ఎరగని ఇంట్లో జీతం తెచ్చే మొదటి ఆడపిల్లను నేనే కావాలని నా పంతం.

ఆ నెల నాకు అప్పగించింది ఒక దూదేకుల అవ్వను. శుక్లాల ఆపరేషనై, రెండు కళ్ళకూ కట్టుతో పడుకుని ఉండేది. నా ఉద్యోగం గోల రోజూ ఆవిడకే వినిపించేదాన్ని. నేను చుట్టిన దూది ఉండను తడిమి నవ్వేది.

“ఇదేం ఉండ పిల్లా, రాయిలాగుంది. ఇటియ్యి.”

చూపు లేకుండానే విప్పి, మెత్తగా చుట్టి ఇచ్చేది. ఒకరి చేత మాట పడని దాన్ని నేను. ఆవిడ వెక్కిరిస్తే మాత్రం ముచ్చటగా ఉండేది.

ఒక ఆదివారం ఇంటికి వెళ్ళాను. కల్లం నిండా ఎండిన మిరపకాయ. అమ్మ ఒక్కతే కూర్చుని ఉంటే చూడలేక, పొద్దుగూకేదాకా పక్కన కూర్చుని తొడిమలు తీశాను. పుట్టినప్పటి నుంచీ అదే పని కాబట్టి మా చేతులకు మంట తెలియదు. రాత్రీ, మర్నాడు పొద్దున్నా సబ్బుతో కడుక్కుని, ఘాటు పోయిందనుకున్నాను.

ఆసుపత్రికి రాగానే అవ్వ కట్టు విప్పి, వేలితో కింది రెప్ప లాగి చుక్క వేశాను. ఆవిడ కెవ్వుమంది. పెద్ద నర్సమ్మ గారు పరుగున వచ్చి కన్ను మళ్ళీ మళ్ళీ కడిగారు. “ఏం చేశావే?” అన్నారు నాతో. నేను నోరు తెరిచేలోపే అవ్వ అందుకుంది.

“ఆ పిల్లనేమనబాకమ్మా. దురద పెడితే నేనే నలిపా.”

నర్సమ్మ గారు అవ్వనే కేకలేసి వెళ్ళిపోయారు. ఎందుకలా చెప్పావని అడిగాను.

“నీ చేతికి కాయ ఘాటు కొడతా ఉందిలే. చెబితే నీ ఉద్యోగం పోద్దిగా” అంది, నీళ్ళు కారే కంటితో.

సిగ్గుతో చచ్చిపోయాను. అసలు సంగతి తెలియకపోతే డాక్టరు గారు ఏ మందని వేస్తారు? ఆ కన్ను పోతే నేను ఆ ఉత్తరం పట్టుకుని ఏ మొహంతో తిరగాలి? వెళ్ళి జరిగిందంతా నర్సమ్మ గారికి చెప్పేశాను.

ఆవిడ నా చేతులు పట్టుకుని వాసన చూశారు. “కాయా, రోగీ రెండూ కుదరవు. ఏదో ఒకటి ఎంచుకో” అన్నారు. తర్వాత నన్ను ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. అవ్వ కన్ను ఎరుపు తగ్గి, చూపు నిలిచాక గానీ ఉత్తరం రాయలేదు.

సమితి ఆసుపత్రిలో చేరాక మళ్ళీ కాయ కల్లానికి వచ్చింది. ఒక సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి, అమ్మ పక్కన చతికిలబడి కాయ అందుకోబోయాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

“వద్దమ్మా, రేపు ఎవరి కంట్లోనో పెట్టే చేతులు. అటు దూరంగా కూర్చో.”

ఆ కుప్పంతా అమ్మ ఒక్కతే తీస్తుంటే, నేను రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తూ కూర్చున్నాను.