గట్టు లేని నీళ్లు: ములికి తీరంలో మామయ్యతో ఒక రోజు

నిజానికి ఇది నేనూ మా ఆయనా కలిసి వెళ్లాలనుకున్న ప్రయాణం. పోయిన ఏడాది ఆఫీసువాళ్లతో వెళ్లి సర్ఫింగ్ పలక మీద పడుకుని అలలు ఎక్కడం కాస్త నేర్చుకున్నాను. ఈసారి ఆయనకూ చూపిద్దామని బస్సు టికెట్లు, గది తీసుకున్నాక ఆయన సెలవు రద్దయింది. "నేనొస్తా పాపా, టికెట్టు యాల పాడు చేసేది?" అన్నారు మామయ్య, మా ఆయన నాన్న. కదిరి దగ్గరి పల్లె నుంచి వచ్చి, ముప్పై ఏళ్లు హొసకోటెలో మేస్త్రీ పని చేసిన మనిషి. అరవై దాటినా సముద్రం చూడటం ఇదే మొదలు. ఈత వచ్చా అని అడిగితే నవ్వారు. "మా ఊరి బావిలో పైనుంచి దూకుతాంటి. నీళ్లు యాడైనా నీళ్లే కదా." ఆ ధీమా చూసి అత్తమ్మ కూడా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ములికి, మంగళూరు నుంచి ఉడుపి వెళ్లే దారిలో ఉన్న చిన్న ఊరు. మేం హొసకోటె నుంచి కె.ఆర్.పురం మీదుగా మడివాళ చేరి, రాత్రి తొమ్మిదిన్నర బస్సు ఎక్కాం. స్లీపర్ మనిషికి వెయ్యి రూపాయల పైచిలుకు. ఘాట్ మలుపుల్లో మామయ్య హాయిగా గురక పెట్టారు, నాకు కన్ను మూతపడలేదు. ఉదయం ఏడింటికి దిగి, గదిలో సంచులు పడేసి, తీరానికి ఆటో మాట్లాడుకున్నాం. రెండువందల యాభై అడిగాడు. మామయ్య నడుముకు తువ్వాలు బిగించుకోవడం అద్దంలో చూసి డ్రైవరు, "ఈజబేడి సార్, ఎళితదె" అన్నాడు. ఈదొద్దు, లోపలికి లాగేస్తుంది అని. మామయ్య కన్నడంలోనే సరేనని చెప్పి, నా వైపు వంగి గొంతు తగ్గించారు. "ఆయప్పకు మన బావులు తెల్దు."

ఆ తీరంలో కాపలా లేదు. జెండాలు, ఈలలు, హెచ్చరిక బోర్డులు ఏవీ లేవు. కొబ్బరి తోపు అంచున రేకుల షెడ్డు ఒకటి, అందులో పలకలు అద్దెకిచ్చే వినోద అనే ఆవిడ ఉన్నారు. అలలెక్కడం నేర్పించే తన తమ్ముడు ఇద్దరు కుర్రాళ్లను తీసుకుని నది సముద్రంలో కలిసే మొగ వైపు వెళ్లాడట, గంటలో వస్తాడన్నారు. పూటకు ఐదువందలిచ్చి ఒక పలక తీసుకున్నాను. మామయ్యకు మోకాటి లోతు దాటొద్దని రెండుసార్లు చెప్పాను. "అట్లే లేమ్మా" అన్నారు. ఇసుకలో కూర్చుని, పలక తాడు కాలికి కట్టుకుని తలెత్తేసరికి ఆయన అక్కడ లేరు.

ఎడమవైపు అలలు తెల్లగా విరిగిపడుతున్నాయి. కుడివైపు మాత్రం ఒకచోట సన్నని దారిలా, అల అన్నదే లేకుండా నీళ్లు నునుపుగా ఉన్నాయి. ఆయన ఆ నెమ్మది నీళ్లే చూసుకుని దిగారు. ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ తిరిగి లోపలికి పోయే దారి అదేనని పోయిన ఏడాది నాకు నేర్పించారు, కానీ ఆయనకు ఆ సంగతి చెప్పాలని నాకు తట్టలేదు. నేను చూసేసరికి తల ఒక్కటే కనబడుతోంది. ఒడ్డు వైపే బారలు వేస్తూ ఈదుతున్నారు, వెనక్కే పోతున్నారు.

"వినోదక్కా, తమ్మన్న కరీరి!" అని, తమ్ముణ్ని పిలవమని అరిచి నీళ్లలోకి పరుగెత్తాను. ఆవిడ నది మొగ వైపు పరుగు తీయడం కంటి కొసన కనబడింది. పలక మీద పడుకుని రెండు చేతులా తోసుకుంటుంటే ఆ ప్రవాహం నన్నూ లాక్కుపోయింది. ఆయన్ను చేరాలంటే నాకు కావలసిందీ అదే.

"మామయ్యా, ఎదురు ఈదొద్దు! వెల్లకిలా పడుకోండి!"

వినబడలేదు. మళ్లీ అరిచాను. ఈసారి చేతులు ఆగాయి, ఆయన వెల్లకిలా తిరిగి మొహం ఆకాశానికి పెట్టి తేలారు. దగ్గరికి వెళ్లి పలక అందిస్తే రెండు చేతులతో పట్టుకున్నారు. ఆ బరువుకు పలక బోర్లాపడి నేనూ మునిగాను. పైకి వచ్చేసరికి ఇద్దరం దానికి చెరోవైపు వేలాడుతున్నాం. ఆయన పెదాలు నల్లబడ్డాయి.

"ఇడ్సిపెట్టి నువ్వు పో పాపా."

"మాట్లాడకండి. పలక వదలకండి. అలలు విరిగే వైపుకు, ఒడ్డు వెంబడి కాళ్లు ఆడించండి."

ఎంతసేపు తన్నామో తెలియదు. ఒక్కసారిగా లాగుడు ఆగింది. తర్వాత ఒక అల మమ్మల్ని ఎత్తి విసిరింది. ఆ తర్వాతి అల నా గడ్డాన్ని పలకకు కొట్టింది. కాళ్ల కింద ఇసుక తగిలేసరికి వినోద తమ్ముడు నడుం లోతులో ఎదురొచ్చి మామయ్యను చంకల కింద పట్టుకున్నాడు.

షెడ్డులో దుప్పటి కప్పుకుని మామయ్య చాలాసేపు వణికారు. ఊపిరి సరిగ్గా ఆడుతోందో లేదో చూపిద్దామని ఊళ్లో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోలేదని చెప్పి, సాయంత్రం దాకా కనిపెట్టి చూసుకోమన్నాడు. బయటికొచ్చాక మామయ్య అన్నారు. "బావికి గట్టుండాది పాపా. యాటు పోయినా చెయ్యి తగుల్తాది. దీనికేముండాది?"

మధ్యాహ్నం ఒక చిన్న మెస్సులో నీరుదోసెలు, చేపల పులుసు ముందు పెట్టుకుని కూర్చున్నాం. ఇద్దరికీ ముద్ద దిగలేదు. ఇంట్లో ఎలా చెప్పాలా అన్న దిగులే నాది. నేను ఫోన్ తీసేలోపే మామయ్య తన ఫోన్ తీసి అత్తమ్మకు అంతా చెప్పేశారు, తన మొండితనంతో సహా.  తర్వాత అవతల నుంచి "పాపకియ్యి" అన్న మాట నాకూ వినబడింది. చీవాట్లకు సిద్ధపడి ఫోన్ అందుకున్నాను.

"నువ్వెట్లుండావు పాపా? నీకేమన్నా తగిలిందా?"

పొద్దున్నుంచి ఆ మాట నన్నెవరూ అడగలేదు, నన్ను నేనూ అడుక్కోలేదు. చిట్లిన గడ్డం మీద చెయ్యి పెట్టుకుని, మెస్సులో అందరూ చూస్తుండగా ఏడ్చేశాను.

ఆ తీరం అందమైనది, వెళ్లొద్దని ఎవరికీ చెప్పను. కానీ కాపలా లేని నీళ్ల దగ్గర మన తోడుగా వచ్చినవాళ్లకు మనమే కాపలా. ఆ బరువు మోస్తూ సరదాగా ఉండటం అంత సులభం కాదని నాకిప్పుడు తెలిసింది. మీరు వెళ్తే ఒక్క పని చెయ్యండి. చేరగానే నీళ్లలో దిగకుండా, మీతో వచ్చిన వాళ్లందర్నీ ఒడ్డున పావుగంట నిలబెట్టి, అల విరగని ఆ నునుపు దారి ఎక్కడుందో వేలు పెట్టి చూపించండి.