పెంచలరెడ్డికి సంకటి ఎవరు పెట్టాలి?

2022 వేసవి. అప్పట్లో పొద్దున్నే ఉదయగిరి వైపు పల్లెల్లో పేషెంట్ల ఇళ్లకు వెళ్లి, ఎండ ముదరకముందే ఆత్మకూరులోని నా ఫిజియోథెరపీ క్లినిక్‌కు తిరిగి వచ్చేదాన్ని. కాలూ చెయ్యీ పడిపోయిన వాళ్లను అంత దూరం బస్సెక్కించడం నాకు నచ్చదు. పెంచలరెడ్డి గారింటికి అలాగే వెళ్లడం మొదలుపెట్టాను.

యాభై దాటిన రైతు, షుగర్ ఉన్న మనిషి. ఊళ్లో నలుగురూ మాట వినే ఇల్లు. మెదడులో ఎడమ వైపు స్ట్రోక్ వచ్చి కుడి పక్క పడిపోయింది. నెల్లూరు ఆస్పత్రి నుంచి వచ్చాక కాలు త్వరగానే దారికొచ్చింది, కర్ర పట్టుకుని నడిచేవాడు. మాట కొంచెం ముద్దగా వచ్చినా అర్థమయ్యేది. చెయ్యి మాత్రం ఒళ్లోనే పడి ఉండేది. మణికట్టు కాస్త లేచేది, వేళ్లు కాస్త తెరుచుకునేవి. నాకున్న ఆశంతా ఆ కాస్త మీదే.

మా పనికి ఆధారం న్యూరోప్లాస్టిసిటీ. అంటే, మెదడులో ఒక భాగం దెబ్బతింటే మిగిలిన భాగాలు దాని పనిని కొంతవరకు నేర్చుకోగలగడం. అది ఊరికే జరగదు. ఆ చెయ్యి వాడాలి, పదేపదే వాడాలి, మనిషికి నిజంగా అవసరమైన పనికి వాడాలి. వాడకపోతే మెదడు ఆ చేతిని లెక్కలోంచి తీసేస్తుంది. దాన్ని లెర్న్‌డ్ నాన్ యూజ్ అంటాం. స్ట్రోక్ తర్వాత మొదటి కొన్ని నెలల్లో ఈ నేర్చుకోవడం చురుగ్గా సాగుతుంది. ఆ నెలలు నా కళ్ల ముందే కరిగిపోతున్నాయి.

అందుకే కన్‌స్ట్రెయింట్ థెరపీ మొదలుపెట్టాను. బాగున్న ఎడమ చేతికి మందపాటి తొడుగు వేసి కట్టేస్తాం. అప్పుడు గతిలేక కుడి చెయ్యి పని చేయాల్సి వస్తుంది. ప్లాస్టిక్ గ్లాసులు, చెక్క దిమ్మెలు ముందు పెట్టి తీయమనేదాన్ని. ఆయన కాసేపు తీసి, విసుగొచ్చి గోడ వైపు చూసేవాడు.

ఈలోగా అరటిపళ్లు పట్టుకుని పలకరించడానికి వచ్చిన చుట్టాలు ఆ తొడుగు చూశారు. పెంచలరెడ్డి చేతులు కట్టేసి పెట్టారన్న మాట వింజమూరులో ఉండే ఆయన అన్న మాలకొండారెడ్డి దాకా పాకింది. మర్నాడు నేను వెళ్లేసరికి ఆయన వసారాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"ఏందమ్మా ఇది? ఒక చెయ్యి ఎట్టాగూ పడిపోయినాది. బాగుండే చెయ్యి కూడా కట్టేసినావే! నలుగురికీ ఏమని చెప్పుకునేది మేము?"

"చెయ్యి రావాలనే కట్టినాను పెద్దాయనా."

"ఆదివారం దాకా చూస్తా. చెయ్యి నోటి దాకా లేస్తే సరి. లేదంటే కారు తెచ్చి నాటు వైద్యుడి దగ్గరికి తీసుకుపోతా. నువ్వు మళ్లా ఈ గడప తొక్కొద్దు."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆయన వయసు చూసి నోరు నొక్కుకున్నాను. ఆ నాటు వైద్యంలో పసరు పూసి, చెయ్యి కదలకుండా నెలల తరబడి కట్టు కడతారు. అదే జరిగితే ఆ చెయ్యి మీద ఆశ వదులుకోవాల్సిందే.

ఆ గొడవలో పడి, మొదటిసారి భోజనాల వేళ దాకా ఆ ఇంట్లో ఉండిపోయాను. పెంచలరెడ్డి భార్య రమణమ్మ పళ్లెంలో సంకటి, పప్పు తెచ్చి, పక్కన కూర్చుని చిన్న చిన్న ముద్దలు చేసి ఆయన నోట్లో పెట్టడం మొదలుపెట్టింది.

"మూడు పూటలా మీరే పెడతారా అక్కా?"

"నేను లేకపోతే మా కోడలు. ఎడం చేత్తో తింటాడా ఏంది మేడం? ఆకలికి చచ్చినా తినడు."

నాకు అప్పుడు వెలిగింది. ఎడమ చేతిని నేను కట్టేదేముంది? అన్నం దగ్గర దాన్ని పుట్టిన్నాటి నుంచే కట్టేసి పెంచారు. ఆ మనిషి రోజూ తప్పనిసరిగా చేయాల్సిన పని ఒకటుంది. అది కుడిచేతిదే. దాన్ని ఇంట్లో ఆడవాళ్లు ప్రేమగా లాగేసుకున్నారు. నేనేమో ప్లాస్టిక్ గ్లాసులతో కుస్తీ పడుతున్నాను.

తొడుగు విప్పేశాను. "ఈ తొడుగు ఇంక ఈయనకొద్దు. ఆపుకోవాల్సింది మీ చేతుల్ని అక్కా. రేపట్నుంచి మధ్యాహ్నం పూట ఆయనే తినాల."

"కింద పడతాది," అన్నాడు పెంచలరెడ్డి.

"పడనియ్యండి అన్నా."

మళ్లీ ఆయనే, "మా అన్న ఉండేటప్పుడు మాత్రం వద్దు," అన్నాడు.

అన్నం అయితే వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది. సంకటి నిలుస్తుంది కాబట్టి అదే చేయమన్నాను. ఆ వారం ఆ ఇంట్లో మధ్యాహ్నం అంటే అందరికీ భయమే. ఆయన కేకలేశాడు. పళ్లెం తోసేశాడు. చివరికి రమణమ్మ ఏడుస్తూ పెట్టేది. శనివారానికి చెయ్యి పళ్లెం దాకా వచ్చింది, నోటి దాకా లేవలేదు.

ఆదివారం పొద్దున్నే వాకిట్లో కారు ఆగింది. ఆ కంగారులో రమణమ్మ ఆయనకిచ్చే షుగర్ మాత్ర ఎప్పటికంటే ముందే, ఇంకా ఏమీ తినకుండానే వేసేసింది. పళ్లెం ముందు పెట్టి అందరం చుట్టూ కూర్చున్నాం. పెంచలరెడ్డి తన అన్న వైపు చూసి, చెయ్యి ఒళ్లోంచి తీయలేదు. టైము గడిచిపోయింది. నుదుటి మీద చెమట, ఎడమ చెయ్యి వణుకు. గ్లూకోమీటర్‌తో చూస్తే షుగర్ బాగా పడిపోయి ఉంది.

"పంచదార నీళ్లు, తొందరగా!" అని అరిచాను.

గ్లాసు ఎడమ చేత్తోనే పట్టుకుని తాగాడు. నీళ్లకు ఆ పట్టింపు లేదు. అంకె పైకి లేచేదాకా మళ్లీ మళ్లీ పరీక్ష చేశాను. ఇప్పుడు కడుపులో తిండి పడాలి. ఒక చెయ్యి కోసం మనిషి ప్రాణంతో పందెం కాయలేను.

"పెట్టండి," అన్నాను. ఓడిపోయాననే అనుకున్నాను.

"చంపేసేవాళ్లే మావాణ్ణి!" అంటూ మాలకొండారెడ్డే కింద కూర్చుని, సంకటి తుంచి పప్పులో ముంచి తమ్ముడి నోటి దగ్గర పెట్టాడు. "తినరా నాయనా."

పెంచలరెడ్డి పెదాలు బిగించాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. కుడి చెయ్యి ఒళ్లోంచి కదిలింది. మణికట్టు వెనక వైపుతో అన్న చేతిని మెల్లగా పక్కకు నెట్టాడు. ఆ చెయ్యి పళ్లెంలో పడి, వేళ్లు సంకటి మీద ముడుచుకున్నాయి. మోచెయ్యి వంకరగా పైకి లేచింది. తల వంచి, మెడ చాచి, ఆ ముద్దను సగం దారిలో అందుకున్నాడు. కొంత నోట్లోకి పోయింది, కొంత బనీను మీద పడింది.

మాలకొండారెడ్డి కండువా తీసి తుడవబోయాడు. రమణమ్మ పెద్ద బావతో ఎన్నడూ గొంతెత్తిన మనిషి కాదు.

"ముట్టుకోవద్దు బావా! ఆయన తింటా ఉండాడు."

పెద్దాయన ఆ కండువాతో తన కళ్లే తుడుచుకున్నాడు. మధ్యాహ్నం కారు ఖాళీగానే వింజమూరు వెళ్లిపోయింది.

ఆ చెయ్యి పూర్తిగా రాలేదు. చొక్కా గుండీలు ఇప్పటికీ రమణమ్మే పెడుతుంది. తిండి మాత్రం ఆయనే తింటాడు. ఆ కేసు తర్వాత ఏ స్ట్రోక్ పేషెంటు ఇంటికి వెళ్లినా మొదట భోజనాల వేళకే వెళ్తున్నాను. పేషెంటుకు వ్యాయామం నేర్పడం నాకు కష్టం కాదు. ఆయన మీద ప్రాణం పెట్టుకున్న వాళ్లను పక్కన కూర్చోబెట్టి, ముద్ద జారిపడుతున్నా చెయ్యి చాచకుండా ఉండమనాలి. అది చెప్పడమే ఇప్పటికీ నాకు కష్టం. అయినా చెబుతున్నాను.