రేకు డబ్బాతో బొంబాయికి

మా అక్క పోయింది. పోయిన శుక్రవారం మధ్యాహ్నం అన్నం తిని, "జర ఒరుగుత" అని చాప మీద వాలి, ఇక లేవలేదు. సరిగ్గా ఆ వేళకు నేను మా గల్లీ చివరి హాలులో మృత్యువు గురించే ప్రవచనం చెబుతున్నాను. భివండీలో బట్ట నేసే సాంచాలకు శుక్రవారం సెలవు. నాలాంటి వాడి మాట నలుగురికి వినబడేది ఆ ఒక్కరోజే. నా కొడుకు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. నేను గొంతెత్తితే తన మాట నాకు చేరదని వాడికి చిన్నప్పటి నుంచీ తెలుసు. అందుకే సాంచాల మోతలో పనివాళ్ళు చేసుకునే సైగ చేశాడు. రెండు అరచేతులూ నేలవైపు తిప్పి మెల్లగా దించాడు. సాంచ ఆగింది అని దాని అర్థం. నన్ను ఆపమంటున్నాడేమో అనుకున్నాను. ఒళ్ళు మండింది. "మృత్యువు ఎవరి పర్మిషనూ అడగదు!" అని ఇంకా గట్టిగా ఎత్తుకున్నాను. వాడు మళ్ళీ అదే సైగ చేశాడు. ఈసారి దించిన చేతులు పైకి లేవలేదు. అప్పుడు గ్రంథం మూశాను.

నాకు చదువు చెప్పిన బడి లేదు. రెండు సాంచాల నడుమ నిలబడి, ఒక కన్ను దారం మీద, ఒక కన్ను పురాణం మీద పెట్టి నేర్చుకున్నాను. ఆ మోతను మించి చదివితేనే నా చదువు నాకు వినబడేది. గొంతు అట్లా తయారైంది. ఆ రోజుల్లో అక్క పక్క షెడ్డులో కండెలు చుట్టేది. బావ పోయిన తర్వాత మా ఇంట్లోనే ఉండిపోయింది. నా ప్రవచనానికి ఊరు ఊరంతా తల ఊపినా ఆమె మాత్రం ఊపేది కాదు. "మంచిగనే చెప్పినవు తమ్మీ. కాని దేవుడు చెవిటోడని నీకెవరు చెప్పిండ్రు?" అనేది.

ఆమె గొప్పతనం చెప్పమంటే, అమ్మలారా, అయ్యలారా, నేను ఆమె చేసిన పూజలు చెప్పను. మమ్మల్ని బొంబాయి తీసుకుపోయిన సంగతి చెబుతాను.

పోయిన చలికాలం ఒక సాయంత్రం చాయ్ తాగుతూ ఆమే మొదలుపెట్టింది. "ఈడికచ్చి ఇన్నేండ్లాయె. సముద్రం గీ పక్కనే ఉన్నదంటరు. నా మోకాళ్లు నడువంగనే, మీరందరు నా పక్కపొంటి ఉండంగ, ఒక్కపారి దాని ముంగట నిలబడాలె."

అంతే, ఇంట్లో మంటపెట్టినట్టయింది. నాకు గుళ్ళు కావాలి. కొడుక్కి ఏసీ ఉన్న పెద్ద దుకాణాలు కావాలి. నాలుగేళ్ళ మనవరాలికి ఏనుగు కావాలి. కోడలికి ఏమి కావాలని అడిగితే, "ఎవ్వలు చాయ్ అడగని తావుల కూసుంట" అంది.

నేను గ్రంథం తెరిచాను. యాత్ర అంటే ఇంద్రియాలను బిగించుకోవడమని, విహారం కాదని గట్టిగానే వివరించాను.

"నాలుగేండ్ల పొల్లకు ఇంద్రియాలు ఇంక సరిగ మొలవనే లేదు, బిగించుడేందిరా?" అంది అక్క. "నీకు ఒక్క గుడి. పిల్ల లేవకముందే పొయ్యిరా."

కోడలు ఒక్కటే షరతు పెట్టింది. "అత్తమ్మా, దీన్ని మధ్యాహ్నం పండవెట్టాలె. పండలేదనుకో, పొద్దుమూకంగ ఆగమాగం చేస్తది. ఏడ్సిందంటె సముద్రం లేదు గిముద్రం లేదు, సీదా ఇంటికే."

సముద్రం సాయంత్రానికే పెట్టుకున్నాం మరి. అంటే అక్క సముద్రం ఇప్పుడు మనవరాలి నిద్రలో ఉంది.

"అయితె పిల్ల నిద్రను నడుమల పెట్టుండ్రి," అంది అక్క. "మిగిలినయన్ని దానికి అటిటు కట్టుండ్రి. పొద్దుగాల ఏనుగు, మధ్యాహ్నం లాడ్జి, పొద్దుమీకి సముద్రం. తెల్లారి దుకాణాలు."

"కల్యాణ్‌ల లోకల్ ఎక్కితె దిగుడే. గింత దూరానికి లాడ్జి ఏందత్తా? అందరు నవ్వుతరు," అన్నాడు కొడుకు.

"నవ్వనియ్యి. మంచమే లేకుంటె పిల్లను ఏడ పండవెడ్తవ్, నీ నెత్తి మీదనా?"

అంతటితో ఆగితే ఆమె మా అక్క ఎందుకవుతుంది! రిహార్సల్ చేయాలంది. ఒక సాయంత్రం సంచులన్నీ మా భుజాలకు తగిలించి, మా అందరినీ ధామన్కర్ నాకా చౌరస్తా దాకా నడిపించింది. పిల్ల ఎక్కడ ఎత్తుకోమంటుందో చూడాలట. నేను గ్రంథం కూడా మోస్తున్నాను. పాన్ డబ్బా వాడు మమ్మల్ని చూసి, "క్యా చాచా, ఖోలీ ఖాలీ కర్కే భాగ్ రహే క్యా?" అని కేక పెట్టాడు. అద్దె ఎగ్గొట్టి పారిపోతున్నామనుకున్నాడు. చూస్తుండగానే జనం గుమిగూడారు. ఆటోల నడుమ నిలబడి అక్క తాపీగా, "ప్రాక్టీస్ హై భయ్యా," అంది. పిల్ల అక్కడే ఎత్తుకోమని చేతులు చాచింది. కాని ఆ చేతులు తాను అవ్వ అని పిలిచే మా అక్క వైపు కాదు, పాన్ డబ్బా వాడి వైపు.

బయలుదేరిన రోజు అక్క చేతిలో ఒక రేకు డబ్బా ఉంది. పాత బిస్కెట్ల డబ్బా, నిండా మురుకులు. లోకల్లో మేము మామూలుగానే మాట్లాడుకుంటున్నాం. ఎదుటి సీటు ఆయన మాత్రం కొట్లాట అనుకుని లేచి నిలబడి, "అరే బాబా, ఝగ్డా మత్ కరో," అని చేతులు జోడించాడు. అక్క ఆయన చేతిలోనూ ఒక మురుకు పెట్టింది. దాదర్ వచ్చేసరికి డబ్బా ఖాళీ.

"ఇంక పడెయ్యి అత్తమ్మా, చేతికి అడ్డం," అంది కోడలు.

"ఉండనియ్యి బిడ్డా."

జంతువుల తోటలో పిల్ల ఏనుగును ఒకసారి చూసి సరే అంది. తర్వాత దాని కళ్ళు కంచె మీది కాకికి అతుక్కున్నాయి. "అవ్వా, బఘ్, చూడు! కావళా పాపడ్ ఎత్కపోయింది!"

"కాకులు మన తాన లేవా?" అని కొడుకు విసుక్కున్నాడు.

"గది భివండీ కాకి, గిది బొంబాయి కాకి. చూడనియ్యి," అంది అక్క.

మధ్యాహ్నానికి లాడ్జి చేరాం. శుభ్రమైన గది, మెత్తటి పరుపు, చడీ చప్పుడు లేదు. పిల్ల పడుకోలేదు. పరుపు మీద గెంతింది, బల్బు స్విచ్చి ఆడించింది. కోడలు జోకొట్టింది, కొడుకు ఫోన్లో పాట పెట్టాడు. లాభం లేదు. చివరికి కోడలు నా వైపు తిరిగి, "మామా, మీరు పురాణం చదువుండ్రి. హాల్ల అందరు పంటరు గద," అంది. కోపం వచ్చినా, అక్క సముద్రం కోసం చదివాను. పిల్లకు ఇంకా హుషారు ఎక్కింది. కోడలు సంచి సర్దడం మొదలుపెట్టింది.

అప్పుడు అక్క రేకు డబ్బా తీసింది. మంచం పక్కన బోర్లించి, ఒక చేతి వేలి కణుపులతో, ఇంకో చేతి చెంచాతో కొట్టసాగింది. ఖటక్ పటక్, ఖటక్ పటక్. అచ్చం మా ఇంటి కింది షెడ్డు సాంచలాగే. పిల్ల గెంతడం ఆపింది. కూర్చుంది. ఒరిగింది.

"శుక్రారం నాడు ఇది ఇంట్ల పండుతదా? ఎన్నడన్న చూసిండ్రా?" అంది అక్క, చెయ్యి ఆపకుండా. మేమెవరం చూడలేదు. పుట్టినప్పటి నుంచీ ఆ మోతలోనే పడుకున్న పిల్ల. దానికి నిశ్శబ్దమే గోల.

పక్క గది ఆయన తలుపు బాదాడు. "యే క్యా చాలూ హై?" నేను తెరిచి, నోటి మీద వేలు పెట్టి, పాప నిద్రపోతోందని చూపిస్తూ, "బచ్చీ సో రహీ హై," అన్నాను. ఇంత మోత మధ్య తనను నిశ్శబ్దంగా ఉండమన్న మనిషిని ఆయన జీవితంలో మొదటిసారి చూసి ఉంటాడు. మునివేళ్ళ మీద నడుస్తూ తన గదికి పోయాడు. మేమూ ఎక్కడివాళ్ళం అక్కడ నిద్రపోయాం. అక్క ఒక్కతే మేలుకుని ఉంది.

సాయంత్రం చౌపాటీలో అందరం వరసగా నిలబడ్డాం, ఆమె కోరినట్టే. అలలు వస్తున్నాయి, పోతున్నాయి. నేను సృష్టి గురించి చెప్పబోయాను. ఆమె నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. చాలాసేపు విని, "దీనికి శుక్రారం లేదు తమ్మీ," అంది.

ఎన్నో ఏళ్ళుగా నేను చెప్పిన ప్రవచనాలన్నీ కలిపినా ఆ ఒక్క మాటకు సరిపోవు.

ఆమె పోయిన మర్నాడు, శనివారం పొద్దున, ఆమెను సాగనంపి వచ్చాం. ఆమె మీద గౌరవంతో కింది షెడ్డు సేఠ్ ఆ రోజు కూడా సాంచాలు నడపలేదు. వెనక గల్లీ వాళ్ళూ కాసేపు ఆపుకున్నారు. మధ్యాహ్నం ఇల్లంతా మూగగా ఉంది. పిల్ల ఆ గది నుంచి ఈ గదికి తిరుగుతోంది. అవ్వ చాప దగ్గర ఆగుతోంది, మళ్ళీ తిరుగుతోంది. కోడలు ఎత్తుకున్నా నిలవలేదు. నా నోటికి ఒక్క శ్లోకమూ రాలేదు. అటక మీది నుంచి రేకు డబ్బా దించి, చాప పక్కన బోర్లించి, చెంచా తీసుకున్నాను. మొదట తాళం తప్పింది. పిల్ల వచ్చి నా చేతిని పట్టుకుని, "తాతా, అసా నాహీ, గట్ల కాదు. అవ్వ లెక్క, మెల్లగ," అంది. మెల్లగా కొట్టాను. ఖటక్ పటక్, ఖటక్ పటక్. నా తొడ మీద తల పెట్టింది. కాసేపటికి దాని పిడికిలి విచ్చుకుంది.

వెనక గల్లీలో ఎవరో సాంచ మొదలుపెట్టారు. దాని వెంట ఇంకొకటి. పిల్లకు ఇక నా మోత అక్కర్లేదు. నేను చెయ్యి ఆపలేదు.