మిట్టమధ్యాహ్నపు మైకు

లా కాలేజీలో చదువుతున్న మా మనవరాలు మొన్న, కోర్టు నిర్దోషి అని కేసు కొట్టేస్తే మనిషికి మచ్చ పోయినట్టే కదా అమ్మమ్మా అని అడిగింది. చట్టంలో పోతుందేమోనమ్మా అన్నాను. ఊళ్ళో ఎలా పోతుందో ఆ పిల్లకు చెప్పబుద్ధి కాలేదు. నా ఈడువాళ్ళు మీరైతే నమ్ముతారని రాస్తున్నాను.

తొంభై ఎనిమిదిలో సత్తెనపల్లి పక్కన మా ఊళ్ళో పత్తి ఏపుగా పెరిగింది గానీ కాయ పట్టలేదు. విత్తనాలు అమ్మింది మా తమ్ముడు. అందులో నాసిరకం కలిపాడని కేసు పెట్టి ఊరుకోకుండా, ఊరి పెద్ద, మాకు వరసకు బాబాయి, మైకులో చాటించాడు. జనం చేల నుంచి ఇళ్ళకు చేరి పొయ్యిలు వెలిగించే వేళ చూసుకుని మూడు సాయంత్రాలు, రోజుకు మూడుసార్లు, వీడు దొంగ విత్తనాలవాడు, వీడి గడప తొక్కొద్దని. మొత్తం తొమ్మిదిసార్లు, నేను లెక్కపెట్టాను. ఆ తరువాత తమ్ముడిని పెళ్ళిళ్ళకు పిలిచినవాళ్ళు లేరు, క్షవరానికి కూడా పొరుగూరు వెళ్ళేవాడు.

ఆరేళ్ళ రెండు నెలలు వాయిదాలకు తిరిగాక, సంచుల మూతి కుట్లు విప్పకుండా వచ్చినవి వచ్చినట్టే అమ్మాడని తేల్చి కోర్టు కేసు కొట్టేసింది. తమ్ముడు కోరింది ఒక్కటే, ఏ మైకులో తిట్టారో ఆ మైకులోనే ఈ ముక్క చెప్పమని. తీర్పు నకలు పట్టుకుని బాబాయి అరుగు దగ్గరకు నేనే వెళ్ళాను.

"కోర్టోళ్ళు వదిలేశారుగా అమ్మాయ్, మళ్ళీ మైకెందుకు? కరెంటు దండగ" అన్నాడు పళ్ళు కుట్టుకుంటూ.

"తొమ్మిదిసార్లు తిట్టించినప్పుడు లేని దండగ ఇప్పుడొచ్చిందా బాబాయ్?"

చెప్పిస్తానన్నాడు. చెప్పించాడు కూడా, మిరపకోతల రోజుల్లో, ఊరంతా చేలల్లో ఉన్న మిట్టమధ్యాహ్నం, ఒకే ఒక్కసారి. విన్నది మంచాన పడ్డ ముసలివాళ్ళు నలుగురు, మేమిద్దరం. పైగా ఆ సాయంత్రం వచ్చి, "ధర్మం గెలిచిందిరా అబ్బాయ్" అని తమ్ముడి భుజం తట్టి, కాఫీ అడిగి తాగి వెళ్ళాడు. ఆ గ్లాసు మూడుసార్లు తోమినా నాకు రోత పోక పెంటకుప్పలో పారేశాను. తమ్ముడు మాత్రం, నేను విన్నాను కదక్కా, చాల్లే అన్నాడు.

ఇప్పుడు నింద వేయడానికి ఎవరూ గొంతు విప్పనక్కరలేదు, ఫోనులో వేలు కదిపితే చాలు. ఆ రోజుల్లో కనీసం ఎవరి అరుగు దగ్గరకు వెళ్ళి నిలదీయాలో తెలిసేది. తమ్ముడు పోయి పదకొండేళ్ళు. ఆనాటికి పుట్టనివాళ్ళు కూడా నేటికీ ఊళ్ళోకి వచ్చిన కొత్త కోడళ్ళకు ఆ ఇంటిని చూపించి, అదిగో విత్తనాల కేసువాళ్ళ ఇల్లు అంటారు. కేసు కొట్టేశారని ఒక్కరూ అనరు.